ఇరవై నాలుగు పాయింట్ల ధర్మేంద్ర

గరివిడి,
ఫిబ్రవరి 10, మంగళవారం.

విజయనగరం డెస్క్ సీనియర్ రిపోర్టర్ హరిబాబు గారికి,

నమస్కారాలు.

ఆదివారం సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు మా గరివిడి కాలనీ క్లబ్ రాజాం జట్టును 61-58తో ఓడించి, పదకొండేళ్ల తర్వాత బాస్కెట్‌బాల్ లీగ్ ఫైనల్‌కు చేరింది. ఇంతవరకు సోమవారం మీరు రాసింది అక్షరాలా నిజం. నా పేచీ మీ రెండో పేరాతో.

అందులో మా పాత ఆటగాడు ధర్మేంద్ర గురించి మీరు ఇలా రాశారు: "మ్యాచ్‌కు సగటున 24 పాయింట్లు వేస్తూ బంతిని తన దగ్గరే ఉంచుకున్న ధర్మేంద్ర గత జూన్‌లో రాజాం వెళ్లిపోవడంతో మిగతా ఆటగాళ్లకు ఆడే వీలు చిక్కింది." పైన శీర్షిక: "బరువు దిగింది, గెలుపు వచ్చింది."

అయ్యా, ఎనిమిదేళ్లు మా జట్టును మోసిన మనిషిని బరువు అన్నారు. మీ కటింగ్‌ను ఎవరో క్లబ్ నోటీసు బోర్డుకు అంటించి, "బరువు" కింద ఎర్ర సిరాతో గీత గీశారు. ధర్మేంద్రను రాజాం వాళ్లు డిసెంబరులో పంపేశారు. ముప్పై ఒక్క ఏళ్లు వచ్చాయి, ఇక ఆడింది చాలు, కోచ్‌గా ఉంటానని మా క్లబ్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. 20వ తేదీ శుక్రవారం సాయంత్రం ఆరింటికి కమిటీ కూర్చుని అవుననో కాదనో తేలుస్తుంది. కాదంటే 23న బెంగళూరు బండి ఎక్కుతాడు. అక్కడ ఒక జిమ్‌లో డంబెల్స్ సర్దే ఉద్యోగం ఉందట.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, సవరణ కావాలంటే ఉత్తరం రాయాలని, జవాబు కూడా ఉత్తరంలోనే వస్తుందని ఒక అమ్మాయి చెప్పింది. అందుకే ఈ కవరు. శుక్రవారంలోగా సవరణ వేయండి.

ఇట్లు,
జ్ఞానసుందరి,
రిటైర్డ్ పి.ఇ.టి., మిషన్ హైస్కూల్.

తా.క.: బంతి వదలడు అనడానికి సాక్ష్యంగా ఒక ఫొటో కూడా వేశారు. అది అతను బంతిని మా జట్టు కుర్రాడు గోపీకి ఇస్తున్న ఫొటో. గోపీని మీరు కత్తిరించేశారు. కుడివైపు అంచున కనబడేది స్తంభం కాదు, గోపీ మోచెయ్యి.


విజయనగరం,
ఫిబ్రవరి 12.

శ్రీమతి జ్ఞానసుందరి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదుకు రాసిన రిపోర్టరే రాతపూర్వకంగా జవాబివ్వాలని మా పత్రిక నియమం. ఇరవై ఎనిమిదేళ్లుగా పాటిస్తున్నాను.

నేను విశేషణాలు వాడను. అంకెలు వాడతాను. కిందటి సీజన్‌లో గరివిడి పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడి ఏడు గెలిచింది. ధర్మేంద్ర సగటు 24, అతని తర్వాతి ఆటగాడి సగటు 6. ఈ సీజన్‌లో పద్దెనిమిదికి పదమూడు గెలిచింది. గోపి సగటు 14, మిగతా నలుగురివి ఎనిమిదికీ పదకొండుకూ మధ్య. ఇవన్నీ మీ క్లబ్ స్కోరు పుస్తకం నుంచి మీ స్కోరర్ నరసింగరావు గారు పంపినవే. ఒక్కడు వేసినప్పుడు జట్టు ఓడింది. అయిదుగురు వేసినప్పుడు గెలిచింది. సవరించడానికి ఇందులో తప్పేమీ కనబడలేదు.

పైగా మీరు ఒక సంగతి వదిలేశారు. జూన్‌లో ధర్మేంద్ర వెళ్లిన వారానికే మీ జట్టుకు కొత్త కోచ్ వచ్చారు. నా లెక్కలో ఈ గెలుపు ఆ కోచ్‌ది. స్కోరు షీటు అడుగున కోచ్ సంతకం ఉంది కానీ అది కోడి గీకినట్టుంది. నేనూ ఈ ఏడాది డెస్క్ వదిలి రాలేకపోయాను. ఆ కోచ్ పేరు, ఫోన్ నంబరు మీకు తెలిస్తే దయచేసి పంపండి. ఇంటర్వ్యూ చేస్తాను.

భవదీయుడు,
హరిబాబు.

తా.క.: శీర్షిక నేను పెట్టలేదు. డెస్క్ పెట్టింది. ఫొటో కూడా నేను కత్తిరించలేదు, పక్కనున్న ఎరువుల ప్రకటన కత్తిరించింది.


గరివిడి,
ఫిబ్రవరి 14.

హరిబాబు గారికి,

కుశలమని తలుస్తాను.

ఆ కోచ్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆ కోచ్‌ను నేను జూన్ నుంచి చాలా దగ్గరగా చూస్తున్నాను. చేసేది ఏమీ లేదు. స్టూలు మీద కూర్చోవడం, మోకాళ్లు రాసుకోవడం, రెండు కేకలు వేయడం. రాజాం మ్యాచ్‌లో ఆఖరి నలభై సెకన్లు కళ్లు మూసుకుని ఉన్నది ఆ కోచే. అలాంటి మనిషి వల్ల జట్టు ఫైనల్‌కు వెళ్లిందని రాస్తే చూసినవాళ్లు నవ్వుతారు.

పిల్లలు ఆడుతున్నది ధర్మేంద్ర నేర్పిన ఆట. కిందటేడు వాళ్లు ఇంటర్ చదివే వయసులో ఉన్నారు. అతను పంపిన బంతిని సగం సార్లు చేతుల్లోంచి జారవిడిచేవారు. ఇప్పుడు చేతులు గట్టిపడ్డాయి. అంతే తేడా.

మీకు మాట కాదు, సాక్ష్యం కావాలి. ఆదివారం మ్యాచ్ అయ్యాక గోపీని అడిగాను, ఆ ఆఖరి బుట్ట ఎలా పడిందిరా అని. వాడు అన్నది ఇది: "నానేటి సేసినాను మేడమ్. బంతి సేతికొచ్చినాక రెండు లెక్కెట్టీలోగా వదిలీమని ధర్మేంద్రన్న సెప్పీవోడు. మూడు లెక్కెడితే పేక్టరీ గేటు దాకా పరిగెట్టించీవోడు. ఆ గేటు గుర్తొచ్చి వదిలేసినాను."

ధర్మేంద్ర వదలమని నేర్పాడు. మీరు వదలడని రాశారు.

కమిటీకి ఇంకా ఆరు రోజులుంది.

ఇట్లు,
జ్ఞానసుందరి.

తా.క.: కోచ్‌కు ఇంటర్వ్యూ ఇవ్వడం ఇష్టం లేదు. అడిగి చూడక్కర్లేదు, నాకు బాగా తెలుసు. సంతకం విషయంలో మీరన్నది మాత్రం నిజం. స్కూల్లో ఉన్నప్పుడు కూడా ఆ సంతకం మీద హెడ్మాస్టరు గారు ఇదే మాట అనేవారు.


విజయనగరం,
ఫిబ్రవరి 16.

జ్ఞానసుందరి గారికి,

నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆట గురించిన వాదన కంటే ఒక వ్యక్తి మీద కోపం ఎక్కువ కనబడింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కోచ్‌గా పనికిరారని ఏ నిబంధనలోనూ లేదు. ఒకే స్కూల్లో పనిచేసిన ఇద్దరి మధ్య పాత తగాదాలు ఉండవచ్చు. వాటికి పత్రిక వేదిక కాదు.

నిజానికి మీ ఉత్తరం చదివాక ఆ కోచ్ పక్షాన ఒక మాట చెప్పాల్సిన బాధ్యత నాదనిపించింది. ఆదివారం సంచికలో మూడో పేజీలో "తెర వెనుక కోచ్" అని చిన్న బాక్స్ వేశాను. పేరు తెలియదు కాబట్టి పేరు వేయలేదు. పదమూడు విజయాల వెనుక ఉన్న ఆ కోచ్‌ను తప్పించేందుకు స్థానికంగా కొందరు ప్రయత్నిస్తున్నట్టు సమాచారం ఉందని మాత్రం రాశాను. మీ పేరు బయటపెట్టలేదు. ఆ మేరకు నిశ్చింతగా ఉండండి.

ధర్మేంద్ర విషయంలో ఇంకో అంకె. రాజాం క్లబ్ నుంచి వాళ్ల లెక్కలు తెప్పించాను. అక్కడ అతని సగటు 8. ఇక్కడ 24 వేసినవాడు అక్కడ 8 వేశాడంటే ఆట తగ్గిందనే అర్థం. రాజాం వాళ్లు అతన్ని పంపేయడానికి కారణం కూడా అదే. "తూకం చూసి తెచ్చుకున్నాం, విప్పితే మూడో వంతే ఉంది" అని వాళ్ల కార్యదర్శి నాతో అన్నారు. ఆయనకు ధాన్యం వ్యాపారం.

భవదీయుడు,
హరిబాబు.

తా.క.: నేను కోచ్‌ను కలిసే ఏర్పాటు మీరు చేయనక్కర్లేదు. ఫైనల్‌కు వచ్చి నేనే కలుస్తాను. అప్పటిదాకా దయచేసి ఆవిడనో ఆయన్నో ఏమీ అనకండి.


గరివిడి,
ఫిబ్రవరి 17, మంగళవారం.

హరిబాబు గారికి,

మీ బాక్స్ పని చేసింది. ఎలా పని చేసిందో చెబుతాను.

సోమవారం ఉదయం ఏడింటికి మా కమిటీ ప్రెసిడెంటు నరేష్ డజను కమలాపళ్లు పట్టుకుని కోచ్ ఇంటికి వెళ్లాడు. "మీ మీద ఎవులో కుట్ర సేస్తన్నారట, పేపర్లో రాసినారు. మీరేటీ బెంగెట్టుకోకండి. మూడేళ్లపాటు మిమ్మల్ని ఎవులూ కదపకుండా తీర్మానం రాయించేస్తన్నాను" అన్నాడు. కోచ్ రెండు చేతులా తల పట్టుకున్నారు. అది చూసి, పాపం భయపడ్డారు అనుకుని, ఇద్దరు కుర్రాళ్లను వీధి గుమ్మం దగ్గర కాపలా పెట్టి వెళ్లాడు. వాళ్లు పది గంటలదాకా కూర్చుని ఆ పళ్లు తినేశారు.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి అంతటితో సరి. శుక్రవారం ఆ తీర్మానం పాసయితే కోచ్ పోస్టు మూడేళ్లదాకా ఖాళీ ఉండదు. ధర్మేంద్ర నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకుంటానన్నాడు. ఎందుకురా అన్నాను.

"ఆ పేపరాయన నన్ను తిట్టినాడా సెప్పండి మేడమ్? తిడితే దెబ్బలాడదును. లెక్కేసి సూపించినాడు. లెక్కతో ఏటని దెబ్బలాడతాను? నాకూ తెలీదు, నానే బంతి అట్టేపెట్టుకున్నానేమో."

ఎనిమిదేళ్ల ఆట అతని కళ్ల ముందు ఉంది. ఆ ఆట మీద అతనికే అనుమానం వచ్చింది. మీ అంకె చేసిన పని అది.

అయితే మీ ఉత్తరంలో ఒకచోట నాకు పనికొచ్చేది దొరికింది. ఇక్కడ 24, అక్కడ 8. అతనికి దెబ్బ తగల్లేదు, జ్వరం రాలేదు, బరువు కూడా పెరగలేదు. ఏడు నెలల్లో ఇరవై నాలుగు ఎనిమిది ఎలా అవుతుంది? నేను ఎనిమిది సీజన్లు ఆ కోర్టు పక్కనే ఉన్నాను. అతను ఇరవై నాలుగు వేసిన రోజు ఒక్కటీ నాకు గుర్తు లేదు. నాది మతిమరుపైనా కావాలి, ఆ పుస్తకంలో తేడా అయినా ఉండాలి. నేను వెళ్లి అడిగితే నరసింగరావు గారు తన మీద అనుమానం అనుకుని మాట్లాడటం మానేస్తారు. మీరు రిపోర్టరు. మీరు వచ్చి చూడండి. ఆయన ఫ్యాక్టరీ నుంచి రిటైరై రైల్వే గేటు దాటాక రెండో వీధిలో ఉంటున్నారు. కోర్టు వైపు రానక్కర్లేదు.

ఇట్లు,
జ్ఞానసుందరి.

తా.క.: నాకూ ఆ కోచ్‌కూ తగాదా ఉందన్నారు. ఉంది. రోజూ ఉదయం అద్దం ముందే మొదలవుతుంది.


విజయనగరం,
ఫిబ్రవరి 19, గురువారం.

జ్ఞానసుందరి గారికి,

నమస్కారం. ముందు ముఖ్యమైన సంగతి: ధర్మేంద్ర సగటు 24 కాదు. ఆరున్నర. సవరణ రేపు ఉదయం, అంటే 20వ తేదీ శుక్రవారం సంచికలో, మొదటి వార్త వచ్చిన పేజీలోనే, అంతే సైజులో వస్తుంది. ఈసారి శీర్షిక నేనే రాశాను.

బుధవారం పదిన్నరకు నరసింగరావు గారింటికి వెళ్లాను. పుస్తకం బయటికి తీశారు. గీతలు కొట్టి, అట్ట వేసి, పేజీ నంబర్లు వేసిన పుస్తకం. నా సర్వీసులో ఇంత శుభ్రమైన రికార్డు చూడలేదు. ప్రతి బుట్టకూ రెండు గడులు ఉన్నాయి. మొదటి గడి మీద "ఇచ్చినవారు" అని, రెండో గడి మీద "పుచ్చుకున్నవారు" అని ఉంది. పాయింట్ల మొత్తం మొదటి గడి కింద వేసి ఉంది. మాకు పంపేది ఆ మొత్తమే.

"పాయింట్లు బంతి వేసినవాడికి కదండీ రాయాలి?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను జాలిగా చూశారు. "బాబూ, పేక్టరీ స్టోర్సులో ముప్పై ఒక్క సమచ్చరాలు పని సేసినాను. సామాను పుచ్చుకున్నోడు ఎటో పోతాడు. రిజిస్టర్లో ఇచ్చినోడి పేరు ముందుండాల. రేపేటైనా తేడా వస్తే అడిగీది ఆడినే."

"మరి బుట్టలో వేసినవాడు?"

"రెండో గడిలో ఉన్నాడు కదా. పదకొండేళ్ల నుంచి రాస్తన్నాను. ఎవులూ రెండో గడి సూడలేదు. నానేటి సెయ్యను?"

అక్కడే కూర్చుని కిందటి సీజన్ మొత్తం తిరిగి లెక్క వేశాను. రెండున్నర గంటలు పట్టింది. వారి భార్య రెండుసార్లు టీ ఇచ్చారు. ధర్మేంద్ర పేరు మీద పుస్తకంలో 432 పాయింట్లు ఉన్నాయి. అందులో రెండు గడుల్లోనూ అతని పేరే ఉన్నవి, అంటే అతను స్వయంగా వేసినవి 118; ఇంకొకరు ఇవ్వగా అతను వేసినది ఒక్కటీ లేదు. మిగతా 314 అతను ఇవ్వగా ఇతరులు వేసినవి. అంటే బంతి వదలని ఆటగాడని నేను రాసింది, ఈ లీగ్‌లో అందరికంటే ఎక్కువ బంతి ఇచ్చిన ఆటగాడి గురించి. నా దగ్గరున్న అంకె సరైనదే. అది దేని అంకె అని నేను అడగలేదు.

ఈ సీజన్ పేజీలు కూడా చూశాను. ఇప్పుడు మొదటి గడిలో అయిదు పేర్లు ఇంచుమించు సమానంగా ఉన్నాయి. కిందటేడు ఒక్కడు ఇచ్చేవాడు, ఈ ఏడాది అయిదుగురూ ఇస్తున్నారు. ఇది ఎవరిని చూసి నేర్చుకున్నారో చెప్పడానికి గోపీ మాట చాలు.

అయితే ఒక విషయంలో నేను వెనక్కి తగ్గడం లేదు. నేర్చుకున్నది గుర్తుంచుకునేలా చేయడానికి కూడా ఒక మనిషి కావాలి. పదమూడు విజయాల్లో ఆ కోచ్ వాటా ఉంది. ఆ వాక్యం సవరణలోనూ ఉంచాను.

భవదీయుడు,
హరిబాబు.

తా.క.: పుస్తకంలో రిఫరీ పేరు మీద 97 పాయింట్లు ఉన్నాయి. ఎందుకని అడిగాను. "ఫ్రీ త్రోకి బంతి సేతికిచ్చీది ఎవులు మరి?" అన్నారు. రాజాం నుంచి లాక్కున్న బంతితో వేసినవి రాజాం ఆటగాడు వినోద్ పేరు మీద ఉన్నాయి. ఆ లెక్కన వినోద్ కిందటేడు గరివిడి తరఫున మూడో పెద్ద ఆటగాడు. పేర్ల పక్క పాయింట్లు కూడితే జట్టు మొత్తం కంటే ఎప్పుడూ తక్కువ వచ్చేది. పదకొండేళ్లుగా దాన్ని అచ్చుతప్పు అనుకుంటున్నాను.


గరివిడి,
ఫిబ్రవరి 21, శనివారం. (ఉదయం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.)

హరిబాబు గారికి,

నిన్న సాయంత్రం ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాలకు మా క్లబ్ కమిటీ ధర్మేంద్రను కోచ్‌గా నియమించింది. తొమ్మిది మందిలో ఏడుగురు చేతులెత్తారు. అతని బెంగళూరు టిక్కెట్ రాత్రే రద్దయింది.

మీ సవరణ ఉదయం ఏడింటికే నోటీసు బోర్డు ఎక్కింది. పాత కటింగ్ చింపకుండా దాని పక్కనే అంటించారు. ధర్మేంద్ర వచ్చి 314 అన్న అంకె మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గోపీని పిలిచి, "ఒరే, ఇందులో నువ్వు జారిడిసినవి లేవురా, అవీ కలిపితే ఆరొందలు దాటతాది" అన్నాడు. గోపి నవ్వాడు. మళ్లీ పాత ధర్మేంద్ర మాట వినబడింది నాకు.

కమిటీలో ఒక చిక్కు వచ్చింది. కొత్తవాళ్లను తీసుకోవాలంటే ఉన్న కోచ్ పోవాలి. ఆరూ ఇరవైకి, నరేష్ మూడేళ్ల తీర్మానం చదవబోతుండగా, ఉన్న కోచ్ రాజీనామా కాగితం బల్ల మీద పెట్టారు. మీరు చదవలేకపోయిన సంతకమే అందులోనూ ఉంది. అది నా సంతకం. ఆ కోచ్ నేనే.

నరేష్ కుర్చీలోంచి లేచిపోయాడు. "మేడమ్, మిమ్మల్ని ఎవులో తప్పించాలని సూస్తన్నారని కదా నాను పళ్లట్టుకొచ్చింది. ఆ ఎవులో మీరేనేటి?"

"నేనేరా. కూర్చో" అన్నాను.

మీకు ముందే చెప్పి ఉండవచ్చు. చెబితే ఏం రాసేవారు? కోచే స్వయంగా ధర్మేంద్రను పొగిడారు, అది ఆమె వినయం అని రాసేవారు. వినయం విశేషణం కిందికి వస్తుంది. నాకు అంకె కావాలి. జూన్‌లో ధర్మేంద్ర వెళ్తూ, "పిల్లల్ని సూస్తండండి మేడమ్" అన్నాడు. చూశాను. అతను నేర్పింది మరిచిపోకుండా రోజూ అరిచాను. మీరు వెనక్కి తగ్గనన్న ఆ వాక్యం ఉంచినందుకు మాత్రం, నిజం చెప్పాలంటే, రెండుసార్లు చదువుకున్నాను.

వ్యతిరేకంగా చేతులెత్తిన ఇద్దరిలో ఒకరు నరసింగరావు గారు. ధర్మేంద్ర మీద కోపం కాదట. తన పుస్తకంలో తప్పున్నట్టు పేపర్లో రాసినందుకు నిరసనట. మీ సవరణ మీద ఆయనే మీకు ఒక ఉత్తరం రాస్తున్నారు. రాతపూర్వకంగా జవాబివ్వాలి, నియమం గుర్తుంది కదా.

ఇంకొకటి. కమిటీ అయి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒక కారు. రాజాం కార్యదర్శి, ఆ ధాన్యం వ్యాపారి. "తెర వెనుక కోచ్" బాక్స్ మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు. "అమ్మా, ఆ ధర్మేంద్ర విషయంలో తూకం మేం సరిగా చూడలేదు. కోచ్ విషయంలో పేపరే తూచి ఇచ్చింది. వచ్చే సీజన్ మాకు రండి" అన్నారు. మోకాళ్లన్నాను. కుర్చీ వేస్తామన్నారు, వీపు ఆనించుకునేదట. ఆలోచించి చెబుతానన్నాను. ఇంటికి వచ్చేలోగానే ఆలోచించేశాను. పాతికేళ్లు పిల్లలకు ఆట నేర్పాను కానీ, నా శిష్యుడు కోచ్‌గా ఉన్న జట్టు మీద ఒక్కసారీ ఆడలేదు.

మన వాదన కూడా దీంతో తేలుతుంది. గెలుపు కోచ్‌దన్న మీ మాట నిజమైతే వచ్చే ఏడాది రాజాం ఫైనల్‌కు రావాలి. ధర్మేంద్రదన్న నా మాట నిజమైతే గరివిడి రావాలి. రెండూ వస్తే ఇద్దరం సగం సగం తప్పు ఒప్పుకుందాం. లెక్క మాత్రం మీరే రాయండి, రెండు గడులూ చూసి.

ఇట్లు,
జ్ఞానసుందరి,
కోచ్ (రేపటి వరకు ధర్మేంద్రకు సహాయకురాలు).

తా.క.: ఫైనల్ రేపు ఆదివారం సాయంత్రం నాలుగింటికి, విజయనగరంలో, కోటబొమ్మాళి జట్టుతో. చర్చిలో ఆరాధన పదకొండున్నరకు అవుతుంది, మా బస్సు పన్నెండుంబావుకు బయలుదేరుతుంది. ఈసారి డెస్క్ వదిలి రండి. రాజాంలో నా మొదటి ప్రాక్టీసు జూన్ 8, సోమవారం ఉదయం అయిదున్నరకు. ఈ రాజాం సంగతి ధర్మేంద్రకు ఇంకా తెలియదు. మ్యాచ్ అయ్యాక చెబుతాను, అంతవరకు అచ్చు వేయకండి.